తోలు మనది, నాదం ఎవరిది?



మా బడిలో చదువుకుని, ఇంజనీరై, ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మన మాదిగపల్లె పిల్లవాడొకడు పోయిన నెలలో ఫోన్ చేశాడు. బాగోగులు అయ్యాక ఒక మాట చెప్పాడు. అది విన్నప్పటి నుంచి మాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

"సార్, ఇక్కడ మేముండే ఊళ్ళో చందాలతో నడిచే చిన్న రేడియో ఒకటుంది. వారానికోసారి, ఆదివారం పొద్దున, రెండు గంటలు మన దేశపు శాస్త్రీయ సంగీతం, టిబెట్ భిక్షువుల పవిత్ర సంగీతం కలిపి వేస్తారు. కారులో పోతూ వింటుంటాను. మృదంగం మోగితే మా తాత గుర్తొస్తాడు సార్. కానీ చెప్పే ఆయన ప్రతి దానికీ ముందు గుడి అంటాడు, ఋషులంటాడు, పవిత్రం అంటాడు. మా తాత ఊసు మాత్రం ఎక్కడా రాదు" అన్నాడు.

వాడి తాత మాకు బాగా తెలుసు. మాకు మేనమామ వరస. చుట్టుపక్కల నాలుగూళ్ళకీ డప్పులు ఆయనే తయారుచేసేవాడు. ఊళ్ళో రామాలయం భజన మద్దెల తోలు చిరిగితే బిగించిందీ ఆయనే. బిగించి, వాయించి, శ్రుతి చూసి, గుడి మెట్ల కింద పెట్టి పక్కకి తప్పుకునేవాడు. లోపలి నుంచి ఒకాయన వచ్చి, మద్దెల మీద నాలుగు నీటిచుక్కలు చల్లి, ఎత్తుకుపోయేవాడు. ఆ నీళ్ళు పడగానే తోలు పవిత్రమయ్యేది. తోలు బిగించిన చేతుల మీద మాత్రం ఏ నీళ్ళూ పనిచేయలేదు. ఆయన బతికినన్నాళ్ళూ మెట్ల కిందే ఉన్నాడు.

ఈ సంగతి మన అంబేద్కర్ సంఘంలో ఆ సాయంత్రమే చెప్పాం. కుర్రాళ్ళు ఒక్కసారిగా లేచారు. "అది బాపనోళ్ళ సంగీతం సార్. రేడియో కట్టెయ్యమనండి" అన్నారు. పెద్దాళ్ళేమో "వినసొంపుగా ఉంటే వినమనరా, మనకెందుకు ఆ గోల" అన్నారు. మేము ఈ రెండు మాటలూ ఒప్పుకోలేకపోతున్నాం. కట్టేస్తే మన సొత్తు మనమే వదిలేసినట్టు. ఊరికే వింటే మన సొత్తు ఇంకొకడి పేరు మీద రాసిచ్చినట్టు.

మృదంగంలో ఏముంది?

పనస కర్ర ఉంటుంది. ఆవు తోలు, మేక తోలు, బర్రె తోలు ఉంటాయి. కుడివైపు నల్ల బొట్టులో నల్లరాతి పొడి, ఉడికిన అన్నం ఉంటాయి. ఆ రెండూ కలిపి పొర మీద పొర రాసి, రాయితో రుద్ది, గంటల తరబడి చెవి పెట్టి వింటే గానీ ఆ నాదం పుట్టదు. ఎడమవైపు కచేరీ ముందు రవ్వ ముద్ద పెడతారు. తోలు ఎంత సాగుతుందో, ఎండలో ఎంత బిగుస్తుందో, వానాకాలంలో ఎట్లా ఏడుస్తుందో ఎవరికి తెలుసు? గొడ్డుని ఒలిచినవాడికి తెలుసు. లందలో నానబెట్టినవాడికి తెలుసు. తంగేడు చెక్క దంచినవాడికి తెలుసు. అది తెలివి కాదా? అది శాస్త్రం కాదా? పుస్తకంలో రాసిందే శాస్త్రమైతే, చేతుల్లో ఉన్నదాన్ని ఏమనాలి?

గోవు పేరు చెప్పి మనుషుల్ని కొట్టి చంపుతున్న రోజులివి. అదే గోవు తోలు కచేరీ వేదిక మీద పట్టుపంచె ఒళ్ళో కూర్చుంటుంది. ఇది మేము కనిపెట్టిన సంగతి కాదు. కర్ణాటక గాయకుడు టి.ఎం.కృష్ణ తమిళనాట మృదంగాలు చేసే కుటుంబాల గురించి 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశారు. ఆ చేసేవాళ్ళలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. పాల్ఘాట్ మణి అయ్యర్ పేరు సంగీతం తెలిసినవాళ్ళందరికీ తెలుసు. ఆయన మృదంగాలకు ప్రాణం పోసిన పర్లాందు పేరు ఎంతమందికి తెలుసు? ఆ పుస్తకం ఆవిష్కరణకి చెన్నైలోని కళాక్షేత్ర హాలు ఇస్తామని ఒప్పుకుంది. తీరా అందులోని ఒక భాగం పేపర్లో అచ్చయ్యాక, రాజకీయం ఉందని చెప్పి హాలు వెనక్కి తీసుకుంది. కళాక్షేత్ర కేంద్ర ప్రభుత్వ సంస్థ. మృదంగం లోపలికి రావచ్చు. మృదంగం ఎవరు చేశారన్న మాట మాత్రం లోపలికి రాకూడదు! మా మేనమామ గుడి మెట్లకీ, ఆ హాలు మెట్లకీ తేడా ఏమన్నా ఉందా?

పరాయి వయొలిన్ లోపల, ఊరి డప్పు బయట

మన సంగీతం సనాతనం, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు అంటారు. అబద్ధం. వయొలిన్ తెల్లవాళ్ళు తెచ్చింది. రెండువందల ఏళ్ళ క్రితం ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తీసుకొచ్చాడు. ఇవాళ వయొలిన్ లేని కచేరీ లేదు. మన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ పట్టుకొచ్చాడు. సభలన్నీ చప్పట్లు కొట్టాయి. కొట్టాల్సిందే, ఆయన అంత గొప్పవాడు. కద్రి గోపాలనాథ్ శాక్సఫోన్ తెచ్చాడు. దానికీ చోటు దొరికింది.

సముద్రాలు దాటి వచ్చిన వాయిద్యాలకి చాప వేశారు. ఊరవతల నుంచి రావాల్సిన డప్పుకి చాప లేదు. డప్పులో తాళం తక్కువా? సిర్ర, సిటికెన పుల్ల పట్టుకుని మన పెద్దలు పెళ్ళికొక దరువు, చావుకొక దరువు, జాతరకొక దరువు, దండోరాకొక దరువు కొడతారు. ఎన్ని దరువులుంటే శాస్త్రీయం అవుతుందో ఆ పండితులే చెప్పాలి. అంటే వాయిద్యం కొత్తదా పాతదా, మనదా పరాయిదా అన్నది అసలు ప్రశ్నే కాదు. పట్టుకున్నవాడు ఎవడన్నదే ప్రశ్న.

ఇంకొక మాట. ఈ సంగీతం అంతా బ్రాహ్మణులదే అని మన కుర్రాళ్ళు అనడం కూడా చరిత్ర తెలియకపోవడమే. అమెరికాలో మన సంగీతానికి బాట వేసినవాళ్ళలో సరోద్ వాయించే అలీ అక్బర్ ఖాన్ ఒకరు. 1955లో అక్కడికి వెళ్ళారు, 1967లో కాలిఫోర్నియాలో కళాశాల పెట్టారు. ఆయనకీ, పండిట్ రవిశంకర్‌కీ గురువు అల్లావుద్దీన్ ఖాన్. తురకాయన. మన ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం ఊదితే శ్రీరంగం చెవులు రిక్కించింది. మంగలి కులస్థుల సన్నాయి లేకుండా ఏ గుడిలో దేవుడు లేచాడు? తిరువయ్యూరులో త్యాగరాజుకి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ, దేవదాసి కులంలో పుట్టిన ఆడమనిషి. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదంటే కొట్లాడి పాడించింది కూడా ఆమే. చేసినవాళ్ళం మనం, ఊదినవాళ్ళం మనం, ఆడిపాడినవాళ్ళం మనం. కడుపు నిండినవాళ్ళు వచ్చి దానికి తాళం వేసి, తాళంచెవి జందేనికి కట్టుకున్నారు. అంతే.

రేడియో ఎవరి గొంతు?

ఆ తాళం వేసిన పనిలో రేడియోకి పెద్ద చెయ్యుంది. ఆకాశవాణిలో సంగీతం జాతీయ కార్యక్రమం 1952లో మొదలైంది. వారానికోసారి, శనివారం రాత్రి, దేశమంతా ఒకేసారి వినేట్టు శాస్త్రీయ సంగీతం. అప్పటి సమాచార మంత్రి బి.వి.కేస్కర్. సినిమా పాటలు జనాన్ని చెడగొడుతున్నాయని వాటిని కత్తిరించాడు. జనం ఊరుకున్నారా? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధభారతి పెట్టక తప్పలేదు. అంతకుముందు పటేల్ సమాచార శాఖ చూస్తున్న రోజుల్లో, ప్రైవేటు బతుకు మీద అపవాదు ఉన్న గాయకుల్ని రేడియోలోకి రానివ్వొద్దన్నారు. అది ఎవరి మీద పడ్డ దెబ్బ? తరతరాలుగా పాటనే బతుకు చేసుకున్న ఆడవాళ్ళ మీద. హార్మోనియం మన శ్రుతులకు సరిపోదని 1940లో వెలేసి 1971 దాకా ఆ వెలి ఎత్తలేదు. చూశారా, రేడియోకి కూడా అంటరానితనం తెలుసు!

చిన్నప్పుడు మా ఊరి పంచాయతీ ఆఫీసు మీద పెద్ద మైకు గొట్టం ఉండేది. తెల్లవారుజామున విజయవాడ కేంద్రం నుంచి భక్తిరంజని వచ్చేది. పల్లె దాకా వినపడేది. మా అమ్మలు ఊడ్పులకి పోతూ ఆ పాటలకి కూనిరాగం తీసేవాళ్ళు. పాట ఎవర్నీ అంటరానివాళ్ళని చూడదు. గాలికి కులం లేదు. కానీ గాలిలోకి ఎవరి గొంతు వదలాలో తేల్చేచోట మాత్రం కులం ఉంది. శాస్త్రీయానికి ఒక గది, జానపదానికి ఇంకొక గది. శాస్త్రీయం పాడినాయనకి పేరుంటుంది, గురువు పేరుంటుంది, ఊరి పేరుంటుంది. మన అమ్మల పాటకి మాత్రం 'జానపదం' అన్న ఒక్క మాట. వాళ్ళకి పేరు లేదా? ఆ పాట అడవిలో చెట్టుకి కాసిందా?

ఇదే రేడియోలో 1954 అక్టోబర్ 3న బాబాసాహెబ్ అంబేద్కర్ మాట్లాడారు. తన తత్వం స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మూడు మాటల్లో ఉందనీ, ఆ మూడింటినీ ఫ్రెంచి విప్లవం నుంచి అప్పు తెచ్చుకోలేదనీ, బుద్ధుడి దగ్గర నుంచి తీసుకున్నాననీ దేశానికి చెప్పారు. ఆ బాబాసాహెబే పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. కాబట్టి కుర్రాళ్ళారా, రాగం విన్నంత మాత్రాన మనువాదులం అయిపోము. సంగీతం శత్రువు కాదు. సంగీతం చుట్టూ కట్టిన గోడ శత్రువు.

టిబెట్ గొంతు, అమరావతి పేరు

ఇక ఆ ఆదివారం కార్యక్రమంలో రెండో సగం. పిల్లవాడు ఫోన్లో వినిపించాడు. ముందు మాకు భయం వేసింది. భూమి లోపల నుంచి వస్తున్నట్టు ఒక బొంగురు నాదం. ఒక్క భిక్షువు గొంతులోనే ఒకేసారి రెండు మూడు స్వరాలు పలుకుతాయి. గ్యూతో, గ్యుమే అనే మఠాల వాళ్ళు దీన్ని ఏళ్ళ తరబడి సాధన చేసి నేర్చుకుంటారు. 1959లో దలైలామా, ఆయన వెనక వేలమంది టిబెటన్లు దేశం విడిచి మన దేశానికి వచ్చారు. ఆ మఠాలు కూడా ఇక్కడే మళ్ళీ లేచాయి. గ్యుమే మఠం మన పక్క కర్ణాటకలో హుణసూరు దగ్గర ఉంది. హిమాచల్‌లోని షెరబ్‌లింగ్ మఠం భిక్షువుల జపానికి 2004లో అమెరికా వాళ్ళ గ్రామీ బహుమతి వచ్చింది. ఊరు పోగొట్టుకున్నవాళ్ళు గొంతు పోగొట్టుకోలేదు. ప్రపంచం మొత్తానికి తమ గోడు ఆ గొంతుతోనే వినిపించారు. ఇది మనం నేర్చుకోవాల్సిన పాఠం.

వాళ్ళ వాయిద్యాల సంగతి వింటే మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. మనిషి కంటే పొడుగైన బాకాలు, పెద్ద తాళాలు, శంఖాలు, కర్రకి నిలబెట్టి వంపు పుల్లతో కొట్టే రెండువైపుల తోలు డోలు ఉంటాయి. వీటన్నిటితో పాటు మనిషి తొడ ఎముకతో చేసిన చిన్న బాకా ఒకటుంటుంది. దాన్ని కంగ్లింగ్ అంటారు. ఏదీ శాశ్వతం కాదని గుర్తుచేయడానికి దాన్ని పూజలో ఊదుతారు. అక్కడ చచ్చిన మనిషి ఎముక కూడా పూజలో చోటు సంపాదించుకుంది. ఇక్కడ చచ్చిన గొడ్డు తోలు ముట్టిన బతికున్న మనిషికి చోటు లేదు!

అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. టిబెట్ స్వర్గమేమీ కాదు. పాత టిబెట్‌లో కసాయివాళ్ళనీ, కమ్మరులనీ, శవాలు మోసేవాళ్ళనీ తక్కువగానే చూసేవాళ్ళు. బుద్ధుడి పేరు చెప్పుకున్నంత మాత్రాన హెచ్చుతగ్గులు వాటంతట అవి పోవు. అందుకే బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నప్పుడు పూజలకీ తంతులకీ కాక సమానత్వానికి పెద్దపీట వేశారు. మనం టిబెట్ జపం వింటే గౌరవంగా విందాం. కళ్ళు మూసుకుని మాత్రం వినొద్దు.

మనకి ఇందులో ఇంకొక పాలు కూడా ఉంది. టిబెటన్లు కాలచక్ర బోధని బుద్ధుడు మొదట ధాన్యకటకంలో చెప్పాడని నమ్ముతారు. ధాన్యకటకమంటే మన అమరావతే. లాసా దగ్గర 1416లో కట్టిన వాళ్ళ పెద్ద మఠం పేరు డ్రెపుంగ్. ఆ మాటకి అర్థం ధాన్యపు రాశి. అది మన ధాన్యకటకం పేరే! 2006 జనవరిలో దలైలామా అమరావతి వచ్చి కాలచక్ర జరిపించారు. ఆ మఠాల డోలు మన నేల మీద మోగింది. అమరావతి రాళ్ళ మీద చూడండి, వీణ మీటేవాళ్ళు, వేణువు ఊదేవాళ్ళు, మద్దెల కొట్టేవాళ్ళు ఉన్నారు. మద్దెల కొట్టేవాడిని మెట్ల కింద నిలబెట్టలేదు, స్తూపం మీదే చెక్కారు. అమెరికా రేడియో ఆయన దీన్ని 'హిమాలయాల రహస్యం' అంటున్నాడట. ఆ దారిలో కృష్ణ ఒడ్డు కూడా ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆయనకి మనవాళ్ళలో ముందుగా వెళ్ళినవాళ్ళు ఏం చెప్పారో అదే చెబుతున్నాడు. మన దేశం నుంచి ముందుగా వెళ్ళింది ఎవరు? చదువు ముందుగా అందినవాళ్ళు. ఇప్పుడు మన పిల్లలూ వెళ్ళారు. చెప్పాల్సింది మనమే.

డప్పు కొట్టాలా, మానాలా?

మన సంఘాల్లో పాత తగవు ఇది. చచ్చిన గొడ్డుని మొయ్యొద్దు, వెట్టి డప్పు కొట్టొద్దు అని మన పెద్దలు తీర్మానం చేసుకున్నారు. దెబ్బలు తిన్నారు, కూలి పోగొట్టుకున్నారు, అయినా నిలబడ్డారు. వాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళు న్యాయం. 1994లో ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా అదే డప్పుని ఎత్తి జెండాలా పట్టుకుంది. అది కూడా న్యాయమే. రెండిట్లో తేడా లేదు. దొర చావుకి పిలిస్తే వెళ్ళి కల్లుచుక్కకి కొట్టేది వెట్టి. మన సభలో మన ఇష్టంతో కొట్టేది కళ. పుల్లలు అవే, తోలు అదే. ఎవరి మాట మీద కొడుతున్నామన్నదే తేడా.

గౌరవం పేరుతో జరిగే మోసం కూడా చూడాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య మన దక్కలి బిడ్డ. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, ఫొటోలు దిగారు. 2024లో ఆయన కూలిపని చేస్తున్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి. బిరుదు గోడకి, పలుగు చేతికి! ఆంధ్రాలో డప్పు కళాకారులకి పింఛను పెట్టారు. మంచిదే, వదులుకోవద్దు. కానీ పింఛను ముసలితనానికి. వేదిక వయసులో ఉన్నవాళ్ళకి. ఆ వేదిక సంగతి ఎవరు మాట్లాడాలి?

మనం ఏం చేయాలి?

ఒకటి. శాస్త్రీయ సంగీతం వేసే ప్రతి రేడియో, ప్రతి సభ, వాయించినవాళ్ళ పేర్లతో పాటు వాయిద్యం చేసినవాళ్ళ పేరు కూడా చదవాలని అడుగుదాం. ఉత్తరాలు రాద్దాం. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యానికి ఎందుకంత బరువని వాళ్ళు నసిగితే, అక్కడే వాళ్ళ రంగు బయటపడుతుంది.

రెండు. వారానికి గంటసేపు శాస్త్రీయానికి ఇచ్చినట్టే, గంటసేపు డప్పుకి, కిన్నెరకి, చిందుకి, జమిడికకి ఇవ్వాలని అడుగుదాం. 'జానపదం' అని ముద్దచేసి కాదు. పాడినవాళ్ళ పేరు, ఊరు, గురువు చెప్పి.

మూడు. అడుక్కోవడమే కాదు, మన రేడియో మనం పెట్టుకోవాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకి కమ్యూనిటీ రేడియో అనుమతి వచ్చింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు, మన దళిత అక్కలు, లైసెన్సు రాకముందే ఏళ్ళ తరబడి తమ పాటలూ మాటలూ రికార్డు చేసుకుంటూ కూర్చున్నారు. 2008 అక్టోబర్ 15న 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందు కూర్చున్నారు. విత్తనాల గురించి, పండుగల గురించి, తమ జొన్నచేల పాటలు తమ యాసలో చెప్పారు. వాళ్ళకి చేతనైంది మనకెందుకు చేతకాదు?

నాలుగు. ఇది ఈ వారమే చేయొచ్చు. ప్రతి పల్లెలో డెబ్బై దాటిన డప్పు మేస్త్రీలు ఒకరో ఇద్దరో మిగిలారు. బడిపిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. వాళ్ళని ఆ పెద్దల దగ్గరికి పంపండి. తోలు ఎట్లా ఎంచుతారు, చింతగింజల జిగురు ఎట్లా కాస్తారు, ఏ దరువు ఎప్పుడు కొడతారు, అన్నీ వాళ్ళ నోటితోనే చెప్పించి రికార్డు చేయించండి. మా మేనమామ గొంతు మా దగ్గర లేదు. ఆయన పోయాక గానీ మాకు తెలివి రాలేదు. చదువుకున్నాం, డిగ్రీలు తెచ్చుకున్నాం, ఊళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పాం. పాఠం చెప్పాల్సినవాడు మన గుమ్మం ముందే కూర్చుని డప్పు కాచుకుంటుంటే చూసుకోలేదు. ఈ తప్పు మాది. మీరు చేయకండి.

అమెరికా పిల్లవాడికి మేము ఒక పని అప్పగించాం. "ఒరేయ్ అబ్బాయ్, కారు కట్టెయ్యొద్దు, రేడియో కట్టెయ్యొద్దు. ఆ రేడియో ఆయనకి ఫోన్ చెయ్యి. ఈ మృదంగం తోలు బిగించే కులంలో పుట్టిన మనవణ్ణి మాట్లాడుతున్నానని చెప్పు. మా తాత పేరు చెప్పు" అన్నాం. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "భయంగా ఉంది సార్, ఇక్కడ మనవాళ్ళకి నా కులం తెలియదు" అన్నాడు.

ఏడు సముద్రాలు దాటినా గుడి మెట్లు వెంటే వచ్చాయి, చూశారా! ఆ మెట్లు విరిగేదాకా ఏ సంగీతమూ పవిత్రం కాదు. వాడు ఆ ఫోన్ చేసిన రోజు ఈ పత్రికలో మీకు తప్పకుండా రాస్తాం.

జై భీమ్!